భువనేశ్వర్ నుంచి హైదరాబాద్‌కి గంటేనట, టికెట్లో గంటా నలభై! ఏది నిజం? బరంపురం వాళ్ళు ఎటు వెళ్ళడం మేలు?

పట్టుపోగు – బరంపురం

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది బరంపురం. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ పోయాయి. అక్కావాళ్ళు హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటారు, సంక్రాంతి వెళ్ళాక అమ్మని అక్కడ దింపి రావాలి. ఇన్నాళ్ళూ ఫలక్‌నుమా రైలు ఎక్కించేవాళ్ళం, సాయంత్రం ఎక్కితే తెల్లారి సికింద్రాబాద్, కానీ పోయినసారి కింద బెర్త్ దొరక్క ఆవిడ రాత్రంతా కూర్చునే ఉంది, అది చూశాక ఈసారి ఏమైనా సరే విమానమే అనుకున్నాం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ విమానం ఎక్కలేదు, నాతో సహా.

రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరం, సమయం చెప్పే సైట్ ఒకటి చూశాను. భువనేశ్వర్ నుంచి శంషాబాద్ 847 కిలోమీటర్లు, గంటా రెండు నిమిషాలు అంది. టికెట్లు చూస్తే ఒకదాంట్లో గంటా ముప్పై ఐదు, ఇంకోదాంట్లో గంటా నలభై. విశాఖ నుంచి 511 కిలోమీటర్లు, 37 నిమిషాలు అంది, టికెట్లో మాత్రం గంటా పదిహేను. అంటే ఎటు చూసినా అరగంట పైనే తేడా. ఎవరు అబద్ధం చెప్తున్నారు? రెండో ప్రశ్న, మా ఊరి నుంచి ఎటు వెళ్ళడం మేలు? విశాఖ నుంచి గాల్లో దూరం తక్కువ కదా అని నా లెక్క.

కొత్త బస్టాండ్ – బరంపురం

భువనేశ్వర్. ఆలోచించొద్దు.

అల్లిపురం మనవడు – ఛత్రపురం

ఆలోచించొద్దు అంటే ఎలా అన్నా, కారణం చెప్పాలి కదా. నేనైతే విశాఖ అంటాను. నాకు టికెట్ ఎప్పుడూ అక్కడే తక్కువకి దొరికింది, పైగా భాష సమస్య లేదు, పెద్దావిడ కాబట్టి అది కూడా చూసుకోవాలి.

ఇంకో మాట, నేను చూసిన సైట్లో భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ 457 అని ఉంది, 847 కాదు. మీ సైట్ తప్పేమో చూసుకోండి.

చోక్స్ – రాయగడ

అల్లిపురం గారూ, రెండూ ఒప్పే. మీరు చూసినవి నాటికల్ మైళ్ళు. ఒక్కోటి 1.852 కిలోమీటర్లు, 457ని దాంతో పెంచండి, 847 కాస్త అటూఇటూగా వస్తుంది. విమానాల వాళ్ళు లెక్కలన్నీ నాటికల్ మైళ్ళలోనే వేస్తారు. మామూలు మైళ్ళ బొత్తాం నొక్కి ఉంటే 526 కనిపించేది, అప్పుడు మూడో గొడవ మొదలయ్యేది :)

పట్టుపోగు గారూ, ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరూ వేర్వేరు వాటిని కొలుస్తున్నారు. నేను ఒక పెద్ద విమానాశ్రయంలో ఎనిమిదేళ్ళు కింద, అంటే విమానం పక్కన, పనిచేశాను. నా పేరు చూశారుగా. ఆగిన విమానం కదలకుండా చక్రాలకు ముందూ వెనకా పెట్టే దిమ్మల్ని చోక్స్ అంటాం. ఇక్కడ ఆ దిమ్మలు తీసిన నిమిషం నుంచి అక్కడ మళ్ళీ పెట్టిన నిమిషం దాకా ఉన్నది బ్లాక్ టైమ్. మీ టికెట్లో ఉండే గంటా నలభై అదే. సైట్ వాడు ఏం చేస్తాడంటే 847ని గంటకి 820 చొప్పున భాగించి చేతిలో పెడతాడు. వాడి లెక్కలో విమానం గేటు దగ్గరే 820 వేగంతో పుట్టి, శంషాబాద్ గేటు దగ్గర అదే వేగంతో మాయమైపోవాలి.

అసలు జరిగేది చూడండి. విమానాన్ని ట్రాక్టర్‌తో వెనక్కి తోస్తారు, ఇంజన్లు వేస్తారు, రన్‌వే దాకా నేలమీద పాకుతూ వెళ్తుంది, ముందు ఇంకొకటి ఉంటే ఆగుతుంది. దీనికే పది నుంచి పదిహేను నిమిషాలు. లేచాక కూడా పది వేల అడుగులు దాటేదాకా 250 నాట్లు మించకూడదు, అంటే గంటకి 463 కిలోమీటర్లు. దిగేటప్పుడూ అంతే. ఎంత తొందరున్నా ఊళ్ళో బండి మెల్లగానే నడపాలి కదా, అలాగన్నమాట. మీరు సైట్లో చూసిన వేగం మధ్యలో కాసేపే ఉంటుంది. 847 కిలోమీటర్ల ప్రయాణంలో విమానం పైకి లేవడానికి ఒక ఇరవై నిమిషాలు, కిందకి దిగడానికి ఇంకో ఇరవై పోతే ఆ వేగానికి మిగిలేది ఎంతో మీరే చూసుకోండి.

అందుకే దగ్గరి ఊళ్ళకి ఆ సైట్లు దారుణంగా తప్పుతాయి, దూరం పెరిగేకొద్దీ కాస్త నమ్మొచ్చు. విశాఖకి 37 నిమిషాలు అన్నది చూసి నవ్వొచ్చింది. కొన్ని సైట్లు తెలివిగా మొదటే ఒక అరగంట కలిపేసి చూపిస్తాయి, అవి కాస్త నయం.

పట్టుపోగు – బరంపురం

చాలా బాగా చెప్పారు అన్నా. మరి ఒకే దారికి ఒకరు గంటా ముప్పై ఐదు, ఇంకొకరు గంటా నలభై ఎందుకు పెడతారు? విమానం వేరా?

చోక్స్ – రాయగడ

ఒక్కోసారి విమానం వేరే. జెట్ కాకుండా పంకాల ఏటీఆర్ అయితే గంటకి 500 చిల్లరే, అప్పుడు రెండు గంటలు దాటుతుంది, టికెట్ కొనేటప్పుడు ఏ విమానమో రాసి ఉంటుంది, చూడండి. కానీ మీరు చెప్పిన ఐదు నిమిషాల తేడా జాగ్రత్త కోసం పెట్టుకున్నది. పెట్టిన సమయానికి పదిహేను నిమిషాల లోపు చేరితే టైముకి వచ్చినట్టే లెక్క. ఆ లెక్కలు నెలనెలా బయటికొస్తాయి, పేపర్లో పడతాయి. అందుకని కొద్దిగా ఎక్కువే రాసుకుంటారు. ‘అనుకున్న దానికన్నా పది నిమిషాల ముందే చేరాం’ అని మైకులో చెప్తే జనం చప్పట్లు కొట్టడం నేను చూశాను, పాపం.

కిమిడి మేష్టారు – పర్లాకిమిడి

నేను లెక్కల మేష్టరుగా రిటైరయ్యాను కాబట్టి సైట్‌ని నమ్మక్కర్లేకుండా దూరం ఎలా కట్టుకోవాలో చెప్తాను, పిల్లలకి కూడా పనికొస్తుంది. భువనేశ్వర్ విమానాశ్రయం అక్షాంశం 20.25, రేఖాంశం 85.82. శంషాబాద్‌ది 17.24, 78.43. అక్షాంశాల తేడా 3.01 డిగ్రీలు. ఉత్తరం దక్షిణంగా ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, కనుక 334. రేఖాంశాల తేడా 7.39 డిగ్రీలు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. రేఖలు ధ్రువాల దగ్గర కలిసిపోతాయి కాబట్టి తూర్పు పడమరగా డిగ్రీ అన్నిచోట్లా 111 ఉండదు, మన అక్షాంశాల దగ్గర 105 చిల్లర ఉంటుంది. అంటే 779. ఇక బౌధాయనుడో పైథాగరసో మీ ఇష్టం, రెండు వర్గాలూ కూడి మూలం తీయండి, 847 వస్తుంది. ఇంత కొద్ది దూరానికి భూమి గుండ్రం వల్ల వచ్చే తేడా పట్టించుకోనక్కర్లేదు. అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం ఇలా కట్టకండి.

ఇది ఆకాశంలో తాడు బిగించి లాగితే వచ్చే దూరం. విమానం ఆ తాడు మీద పోదు, దానికి వేసిన దారుల్లో పోతుంది.

ఘాట్‌రోడ్డు – జయపురం

మేష్టారూ దండాలు. మీ అంకెలు చూసి నేను ఒక పని చేశాను. ఆ తాడు ఎక్కడెక్కడి మీదుగా పోతుందో పటంలో స్కేలు పెట్టి గీశాను. సరిగ్గా మా జయపురం నెత్తిమీద నుంచి పోతోంది! మా ఊరి విమానాశ్రయం 18.88, 82.55. గీతకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంది అంతే. భువనేశ్వర్ నుంచి మాకు 375 కిలోమీటర్లు, మా నుంచి హైదరాబాద్ 472. అంటే మీరు విమానంలో సగం దారికి వచ్చేసరికి కింద మేం ఉంటాం, కానీ మేం హైదరాబాద్ విమానం ఎక్కాలంటే మాత్రం సిమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాట్ దిగి, సాలూరు, గజపతినగరం, విజయనగరం మీదుగా విశాఖ చేరాలి. రెండు వందల కిలోమీటర్ల పైమాటే, లారీలుంటే ఆరు గంటలు. విశాఖ నుంచి గాల్లో మాకు ఎంతో తెలుసా? 147. మొన్న రాత్రి మేడ మీద పడుకుని దీపాలు వెలిగించుకుంటూ పోయే విమానాన్ని చూసి మా ఆవిడతో ఇదే అన్నాను.

అల్లిపురం మనవడు – ఛత్రపురం

జయపురంలో విమానం దిగుతోంది కదా అన్నా? ఉడాన్ పథకం కింద మొదలెట్టారు.

ఘాట్‌రోడ్డు – జయపురం

2022లో మొదలైంది నిజమే. తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్, ఒకే ఇంజన్, ఒకే పంకా. నేను ఒకసారి విశాఖకి ఎక్కాను. దాని వేగం ఎంత తోలినా గంటకి 350 చుట్టుపక్కలే. లోపల గాలి ఒత్తిడి పెట్టే ఏర్పాటు దానికి ఉండదు కాబట్టి పెద్ద విమానంలా పది కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళదు, కొండల మీదుగానే పోతుంది. కిందనున్న పోడు చేలు, వాగులు అన్నీ కనిపిస్తాయి. నాకు జీవితంలో మరిచిపోలేని ప్రయాణం, మా ఆవిడకి వాంతులు. గంట లోపే దిగిపోయాం. రెండోసారి టికెట్ తీస్తే పొద్దున్నే మంచు పట్టేసి ఎదురుగా ఉన్న కొండ కనపడలేదు, రద్దు చేశారు. డబ్బులు వెనక్కి వచ్చాయి గానీ విశాఖలో డాక్టర్ దగ్గర తీసుకున్న టైము పోయింది. చలికాలంలో మాకు మంచు, వానాకాలంలో మబ్బు. మా ఊళ్ళో ఎవరైనా విమానం టికెట్ తీస్తే పక్కనే బస్సు టికెట్ కూడా తీసి పెట్టుకుంటారు.

కొత్త బస్టాండ్ – బరంపురం

మాకూ రంగైలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. గేదెలు ఖుషీగా ఉన్నాయి.

ఉద్దానం కుర్రోడు – కవిటి

కొత్త బస్టాండ్ అన్న రెండు ముక్కలకి మించి రాయడేటి :)

నా కథ వినండి. మొదటిసారి దుబాయ్ వెళ్ళినప్పుడు టికెట్లో బయల్దేరే టైముకీ దిగే టైముకీ మధ్య రెండున్నర గంటలే ఉంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ గాల్లో 2,550 కిలోమీటర్లు దాకా ఉంటుంది, అంత దూరం రెండున్నర గంటల్లోనా, ఇది రాకెట్టా అనుకున్నాను. తిరుగు టికెట్లో చూస్తే ఐదు గంటలు! అమ్మో వచ్చేటప్పుడు పాత విమానం ఇస్తారు కాబోలు అని ఊళ్ళో అందరికీ చెప్పాను కూడా. తీరా ఎక్కాక తెలిసింది, అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. వెళ్ళేటప్పుడు నిజంగా పట్టేది నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. మరి ఈ మిగిలిన అరగంట తేడా ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, రోడ్డయితే ఎత్తు పల్లం అనుకోవచ్చు.

చోక్స్ – రాయగడ

గాలి తమ్ముడూ. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో చలికాలం గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. దాని అసలు జోరు ఉత్తర భారతం మీద ఉంటుంది, అంచు మన దాకా వస్తుంది. నువ్వు దుబాయ్ వెళ్ళినా, మన వైపు నుంచి హైదరాబాద్ వెళ్ళినా అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. పడవవాళ్ళకి చెప్పక్కర్లేని సంగతి. ఎదురుగాలి గంటకి 100 కిలోమీటర్లు అనుకోండి, 847 కిలోమీటర్లకి పైన పట్టే సమయం ఎనిమిది తొమ్మిది నిమిషాలు పెరుగుతుంది.

పట్టుపోగు గారు సంక్రాంతి తరవాత అంటున్నారు కాబట్టి ఇంకోటి కూడా తగులుతుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరగా ఉంటుంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి. వానాకాలంలో నేలమీద గాలి పడమర నుంచి కాబట్టి మన వైపు నుంచి వెళ్ళిన విమానం తిన్నగా వెళ్ళి దిగిపోతుంది. చలికాలంలో నేలగాలి తూర్పు నుంచి వస్తే ఊరు దాటి పడమరకి పోయి, వెనక్కి తిరిగి దిగాలి. ఇంకో ఐదారు నిమిషాలు. అమ్మగారికి ముందే చెప్పండి, ‘ఊరు దాటేసి పోతున్నాడేంటి’ అని కంగారు పడతారు. నా మొదటి ప్రయాణంలో నేనే పడ్డాను.

కిమిడి మేష్టారు – పర్లాకిమిడి

చోక్స్ బాబు చెప్పినదానికి ఒక చేర్పు. వానాకాలంలో పైగాలి దిశ కూడా మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద పైన తూర్పు నుంచి పడమరకి జెట్ ప్రవాహం వీస్తుంది. దీన్ని 1950లలో గుర్తించింది మన వాతావరణ శాఖలో పనిచేసిన పి. కోటేశ్వరం గారు, మన తెలుగాయనే. దాని ఉద్ధృతి పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, విమానాలకి అడుగు భాగమే తగులుతుంది గానీ, జులైలో హైదరాబాద్ వెళ్తే ఎదురుగాలి బాధ ఉండదు. కింద నైరుతి గాలి ఇటు వీస్తుంటే పైన గాలి అటు వీస్తుందన్నమాట. బడిలో ఇది చెప్తే ఒక పిల్లవాడు ‘మరి మధ్యలో ఉన్న గాలి ఎటు పోవాలో తెలీక నిలబడిపోతుందా సార్’ అని అడిగాడు. నిజంగానే ఒక ఎత్తులో దాదాపు నిలబడిపోతుంది. వాడికి ఆరోజు మార్కులు వేశాను.

అల్లిపురం మనవడు – ఛత్రపురం

ఇదంతా బాగుంది గానీ విశాఖా, భువనేశ్వరా అన్నది తేలలేదు. విశాఖ నుంచి గాల్లో 336 కిలోమీటర్లు తక్కువ. అది చిన్న తేడానా?

గుర్తొచ్చిన దారి – పలాస

గాల్లో 336 కిలోమీటర్లంటే ఇరవై ఐదు నిమిషాలు బాబూ. రోడ్డు మీద 90 కిలోమీటర్లంటే గంటన్నర. మీరు గాల్లో దూరాన్నీ రోడ్డు దూరాన్నీ ఒకే తక్కెడలో వేస్తున్నారు.

నేను ఈ హైవే మీద పద్నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను. బరంపురం నుంచి భువనేశ్వర్ విమానాశ్రయం 170 కిలోమీటర్లు, చిలిక పక్కనుంచి రంభ, బాలుగావ్, ఖుర్దా మీదుగా మూడు, మూడున్నర గంటలు. విశాఖ విమానాశ్రయం 260 పైన, ఊరు చుట్టూ ట్రాఫిక్ కలిపి ఐదు గంటలు పెట్టుకోవాలి. రైలు దూరాలు చూడండి, ఇంకా స్పష్టం: బరంపురం నుంచి భువనేశ్వర్ 166, విశాఖ 277. పైగా భువనేశ్వర్‌లో స్టేషను నుంచి విమానాశ్రయం ఆటోలో పావుగంట. విశాఖలో స్టేషన్లో దిగి మళ్ళీ ఎన్‌ఏడీ కూడలి దాటి వెనక్కి రావాలి.

ఇప్పుడు అసలు సరిహద్దు ఎక్కడో చెప్తాను. భువనేశ్వర్ విశాఖల మధ్య రైలు దారి 443 కిలోమీటర్లు, సగం అంటే 221, అది బరంపురానికి దక్షిణంగా 55 కిలోమీటర్ల దగ్గర, సోంపేట చుట్టుపక్కల పడుతుంది. విశాఖ నుంచి గాల్లో కలిసొచ్చే ఆ ఇరవై ఐదు నిమిషాలు కూడా లెక్కేస్తే గీత ఇంకాస్త పైకి జరిగి ఇచ్ఛాపురం దగ్గరకి వస్తుంది. అంటే ఇంచుమించు రాష్ట్రాల సరిహద్దే! ఇచ్ఛాపురం దాటి ఇటున్న మేం విశాఖ, అటున్న మీరు భువనేశ్వర్. రాష్ట్రాల గీత గీసినవాడు విమానాలు చూసి గీయలేదు గానీ అలా కుదిరింది.

ఉద్దానం కుర్రోడు – కవిటి

మా కవిటి సరిగ్గా ఆ గీత మీదే ఉంది, మేం బొమ్మా బొరుసూ వేసుకోవాలి.

కిమిడి మేష్టారు – పర్లాకిమిడి

మా పర్లాకిమిడి ఒడిశాలోనే ఉన్నా మాకు భువనేశ్వర్ అన్న మాటే లేదు, విశాఖే. రాజధాని ఒకటి, ఆస్పత్రి ఒకటి, విమానం ఒకటి, మా బతుకంతా ఇంతే. భోగాపురం కొత్త విమానాశ్రయం వచ్చాక మాకు ఇంకా దగ్గర, శ్రీకాకుళం దాటి కొద్దిదూరం పోతే హైవే పక్కనే. తగరపువలస, ఆనందపురం, ఆ తరవాత ఊళ్ళో ట్రాఫిక్, ఏదీ తాకక్కర్లేదు.

గుర్తొచ్చిన దారి – పలాస

అవును మేష్టారూ, భోగాపురంతో నా గీత మళ్ళీ జరగాలి. మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకి నలభై కిలోమీటర్ల పైన తగ్గుతుంది. అప్పుడు ఇచ్ఛాపురం కాదు, బరంపురం దాకా వచ్చేస్తుందేమో గీత. ఇంకోటి, ఇప్పటి విశాఖ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. పౌర విమానాలు వాళ్ళ వీలు చూసుకుని నడవాలి. భోగాపురానికి ఆ ఇబ్బంది ఉండదు, రన్‌వే 3.8 కిలోమీటర్లు.

కొత్త బస్టాండ్ – బరంపురం

ఇప్పటికి భువనేశ్వర్. మొదటే చెప్పా.

పట్టుపోగు – బరంపురం

సరే, అందరి మాటా విని భువనేశ్వర్ తీసుకున్నాను. పొద్దున ఏడుకి ఒకటి, పదకొండు దాటాక ఒకటి ఉన్నాయి, ఏది మేలు? అమ్మకి వీల్‌చెయిర్ ఇస్తారా? అక్క ఉద్దానం కొబ్బరికాయలు, ఎండుకొబ్బరి, మన ఊరి అప్పడాలు, ఊరగాయ తెమ్మని పెద్ద జాబితా పంపింది.

చోక్స్ – రాయగడ

పదకొండుది తీసుకోండి. జనవరిలో భువనేశ్వర్‌లో తెల్లవారుజామున పొగమంచు పడుతుంది, మొదటి విమానాలకే దెబ్బ. వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగండి, కౌంటర్ దగ్గర అడిగితే వెతుక్కుంటారు. కౌంటర్ బయల్దేరే టైముకి గంట ముందే మూసేస్తారు, గుర్తుంచుకోండి, మీ టికెట్లో ఉన్న టైము విమానం కదిలే టైము, మీరు వెళ్ళే టైము కాదు.

ఇక జాబితా. అప్పడాలు ఎక్కడైనా పెట్టుకోండి, విరగకుండా చూసుకోండి చాలు. ఊరగాయ చేతి సంచిలో వద్దు, కింద వేసే పెట్టెలో, మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లలో. ఎండుకొబ్బరి మాత్రం ఎక్కడా పెట్టొద్దు! నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే సరుకుల్లో లెక్క, స్కానర్‌లో పట్టేస్తారు. నా కళ్ళముందే ఒక పెద్దాయన పెట్టె విప్పించి రెండు కిలోల చిప్పలు తీయించారు, ఆయన వాటిని అక్కడున్న మా అందరికీ పంచేసి వెళ్ళాడు. రెండు రోజులు తిన్నాం.

ఉద్దానం కుర్రోడు – కవిటి

ఉద్దానం కొబ్బరిని బాంబులా చూస్తారా? ఇది అవమానం :) అక్కగారికి చెప్పండి, రైల్లో ఎవరైనా వస్తుంటే పంపిస్తామని.

ఘాట్‌రోడ్డు – జయపురం

పట్టుపోగు గారూ, ఎడమపక్క కిటికీ తీసుకోండి. హైదరాబాద్ వెళ్ళేటప్పుడు మా కొలాబ్ రిజర్వాయర్ అటువైపే ఉంటుంది. లేచాక అరగంట దాటగానే కిందకి చూడండి, కొండల మధ్య చేతివేళ్ళలా చీలిన నీళ్ళు కనిపిస్తే అదే.

పట్టుపోగు – బరంపురం

వెళ్ళొచ్చాను. మూడు వారాలు అయింది, ఇప్పటికి తీరిక దొరికింది. టైములన్నీ చీటీ మీద రాసుకున్నాను, అక్క నవ్వింది.

ఇంట్లో బయల్దేరింది 5:40. బాలుగావ్‌లో టీ తాగి విమానాశ్రయం చేరింది 9:10. టికెట్ ప్రకారం 11:05కి కదలాలి, 12:45కి చేరాలి. కదిలింది 11:14. చక్రాలు నేల వదిలింది 11:27. శంషాబాద్‌లో నేలకి తగిలింది 12:43, ఆగింది 12:51. గాల్లో 76 నిమిషాలు, మొత్తం 97. ఆరు నిమిషాలు ఆలస్యం, అంటే చోక్స్ అన్న లెక్కలో టైముకి వచ్చినట్టే. ఊరు దాటి వెనక్కి తిరిగింది కూడా, నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి అమ్మ పక్కసీటు ఆవిడకి ‘గాలి బాబూ, కంగారు పడకు’ అని ధైర్యం చెప్పింది! పెట్టె తీసుకుని కూకట్‌పల్లి ఇంటి గుమ్మం తొక్కింది 2:45. అంటే తొమ్మిది గంటల పైన ప్రయాణంలో గాల్లో ఉన్నది గంటా పదహారు నిమిషాలు. అయినా ఫలక్‌నుమాతో చూస్తే ఏడెనిమిది గంటలు మిగిలాయి, అమ్మ కాళ్ళు వాయలేదు. వచ్చేటప్పుడు నేనొక్కణ్ణే, గాల్లో 66 నిమిషాలు, పది నిమిషాలు తక్కువ. గాలి సంగతి నిజమే.

వీల్‌చెయిర్ తోసిన అబ్బాయి మన ఆస్కా పిల్లాడు, తెలుగు వచ్చు. అప్పడాలు నాలుగు విరిగాయి.

ఘాట్‌రోడ్డు గారూ, అమ్మ అప్పటికి నిద్రపోయింది. నేను చూశాను. సరిగ్గా 12:02కి, మీరు చెప్పినట్టే, వేళ్ళలా నీళ్ళు. మీరు కింద ఎక్కడో ఉండి ఉంటారు అనుకున్నాను.

ఘాట్‌రోడ్డు – జయపురం

ఏ రోజు వెళ్ళారో చెప్పండి. జనవరి మూడో వారం మంగళవారం అయితే ఆ టైముకి నేను సుంకి ఘాట్‌లో లారీ వెనకాల ఆగి ఉన్నాను, విశాఖ విమానాశ్రయానికి వెళ్తూ.

పట్టుపోగు – బరంపురం

మంగళవారమే.